మూలలున్న కార్జం

ఆ శనివారానికి ఆర్లో టోర్కెల్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. మరదలు లావాన్ ఇంటికి వెళ్లాలి. ఆమె గరాజ్‌లోని డీప్ ఫ్రీజర్ అడుగున తాను దాచిన పొట్లం తీసుకుని, ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరాలి. మధ్యాహ్నం వెర్లిన్ హాఫ్‌నర్ వచ్చేసరికి ఆ పొట్లంలోని వస్తువు చలి వదిలి, ముందుగది బల్ల మీద ఏమీ ఎరగనట్టు పడుకుని ఉండాలి. అంతే. ఇంత చిన్న పనికి మనిషి చీకటితో లేచి కిటికీకీ పొయ్యికీ మధ్య పచార్లు చేయనక్కర్లేదు. ఆర్లో మాత్రం చేస్తున్నాడు.

"కాసేపు కూర్చోండి, నేల అరిగిపోతుంది," అంది డెలోరిస్, పెనం మీద గుడ్డు తిరగేస్తూ.

"కూర్చునే ఉన్నానుగా."

"ఎక్కడ? కిటికీలోనా? ఆ చొక్కా గుండీలు కూడా ఒక మెట్టు కిందికి దిగాయి, చూసుకోండి."

ఆర్లో గుండీలు విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి ఒక మెట్టు పైకెక్కాయి.

"వెర్లిన్ గారొస్తున్నారివాళ," అన్నాడు.

"వారం నుంచీ చెప్తున్నారు. మన పెళ్లి రోజున కూడా మీరింత కంగారు పడలేదు. ఆ రోజు అసలు చర్చికే ఆలస్యంగా వచ్చారు."

ఆర్లో రిటైరైన పోస్ట్‌మన్. హోల్మ్‌స్టెడ్ చుట్టుపక్కల పొలాల దారుల్లో ఏళ్ల తరబడి ఇతరుల పత్రికలు ఇతరుల డబ్బాల్లో వేసి వేసి, ఆ బొమ్మల అట్టల మీద మనసు పారేసుకున్నాడు. ఉద్యోగం అయిపోయాక పాత సచిత్ర వారపత్రికలు పోగుచేయడం మొదలుపెట్టాడు. పొలాల వేలంపాటల్లో, పోయినవాళ్ల అటకల మీద, చర్చి పాతసామాన్ల అమ్మకాల్లో దొరికినవన్నీ ఆ ఇంటికి చేరాయి. మంచాల కింద పేర్చాడు, మెట్ల మీద పేర్చాడు, మేడ మీది స్నానాల తొట్టిలో పేర్చాడు. డెలోరిస్ మొదట పోట్లాడింది. తర్వాత అలవాటుపడింది. చివరికి ఒకే ఒక్క షరతు పెట్టింది.

"ఆ కాగితాల్లోంచి ఒక్క పురుగు నడుచుకుంటూ వచ్చి నా కంటబడిందా, మొత్తం తీసుకెళ్లి పెరట్లో డ్రమ్ములో వేసి అగ్గిపుల్ల గీస్తాను. ముందే చెప్తున్నా."

ఆ చుట్టుపక్కల ఈ పిచ్చి ఉన్న మనిషి ఇంకొక్కడే ఉన్నాడు. వెర్లిన్ హాఫ్‌నర్, పూర్వం చీజ్ ఫ్యాక్టరీ మేనేజరు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా స్నేహితులు. అయితే 'గారూ' అనీ 'మీరు' అనీ పిలుచుకుంటూ, ఒకరి అలమారాను ఒకరు ఓరగా చూసుకునే స్నేహితులు. అట్ట మీద చందాదారు పేరున్న చీటీ అతికించి ఉంటే అది పత్రికకు మచ్చా, పుట్టుమచ్చా అన్న విషయం మీద ఒక సాయంత్రమంతా వాదించగల మనిషి ఆర్లోకి ఈ భూమ్మీద ఇంకొకరు లేరు. డెలోరిస్‌తో ఒకసారి ప్రయత్నించాడు. ఆమె నిద్రపోయింది.

వెర్లిన్ దగ్గరుండి ఆర్లో దగ్గర లేనిది ఒకటుంది. 'ప్రెయిరీ లాంటర్న్' వారపత్రిక 1931 క్రిస్మస్ సంచిక. అట్ట మీద మంచులో మునిగిన చిన్న పోస్టాఫీసు. మెట్ల మీద ఒక బామ్మ, ఆమె పార్సిల్ దారాన్ని పళ్లతో లాగుతున్న కుక్క. అద్దం వెనక నవ్వాపుకుంటున్న పోస్ట్‌మన్. లోపల సబ్బు ప్రకటనల్లో కూపన్లు సైతం ఏ ఇల్లాలూ కత్తిరించుకోలేదు. ఇన్నేళ్లూ ఆర్లో దాన్ని గాజు బీరువాలో చూడటమే తప్ప ముట్టుకున్నది లేదు. అలాంటిది నెల కిందట వెర్లిన్ స్వయంగా తెచ్చి చేతిలో పెట్టాడు. "తీరిగ్గా చూసుకోండి, నెల పోయాక వచ్చి తీసుకెళ్తాను," అన్నాడు. పాత పత్రికలు పోగుచేసేవాళ్లు అవసరమైతే తమ పళ్లసెట్టయినా అరువిస్తారుగాని పత్రిక ఇవ్వరు. ఆర్లోకి కళ్లనీళ్లు వచ్చినంత పనైంది.

మర్నాడు పేజీ తిప్పుతుండగా, కుట్టు దగ్గర నుంచి వెండిరంగు పురుగొకటి బయటికొచ్చింది. రిఫ్రిజిరేటర్ ప్రకటన మీదుగా తాపీగా నడిచి, పక్క పేజీలో కార్సెట్ తొడుక్కున్న ఆవిడ నడుం దగ్గర మాయమైంది.

వెర్లిన్‌కి చెప్పడానికి లేదు. మీ పత్రికలో పురుగుంది అని అలాంటి మనిషికి చెప్పడం, మీ అమ్మాయి తల్లో పేలున్నాయి అని తల్లికి చెప్పడంలాంటిది. నిజమే కావచ్చు, మర్నాటి నుంచి మాటలుండవు. డెలోరిస్‌కి అసలే చెప్పడానికి లేదు. మిగిలింది పాతకాగితాలవాళ్లందరికీ తెలిసిన వైద్యమే. పత్రికను ప్లాస్టిక్‌లో బిగించి కొన్ని వారాలు గడ్డకట్టిస్తే పురుగు చస్తుంది. బయటికి తీశాక మాత్రం చలి పూర్తిగా వదిలేదాకా విప్పకూడదు. విప్పితే తేమ పట్టి అట్ట బొబ్బలెక్కుతుంది.

లావాన్ భర్త వేటగాడు. నవంబరు వచ్చిందంటే వాళ్ల ఫ్రీజర్ జింక మాంసం పొట్లాలతో నిండిపోతుంది. అన్నీ ఒకేరకం తెల్లకాగితంలో చుట్టి, మీద లోపలేముందో రాసినవి. ఆర్లో పత్రికను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, పైన ఆ తెల్లకాగితమే చుట్టాడు. మీద ఏం రాయాలా అని ఆలోచించాడు. వెన్నుమాంసం అని రాస్తే ఆదివారానికి వండేస్తారు. కీమా అని రాస్తే అంతదాకా కూడా ఆగరు. ఆ ఇంట్లో మనుషులూ కుక్కా కూడా ముట్టనిది ఒక్కటే. నల్లసిరాతో పెద్ద అక్షరాలతో 'కార్జం' అని రాసి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

ప్రతి శనివారం పొద్దున లావాన్ జుట్టు సెట్ చేయించుకోవడానికి వెళ్తుంది. కాని ఆ సాయంత్రం చర్చిలో ఏటా జరిగే వేట విందు ఉంది. అందుకని ఆమె జుట్టు పని ముందురోజే ముగించుకుంది. ఈ సంగతి ఆర్లోకి తెలియదు. నడుందాకా ఫ్రీజర్లోకి దూరి పొట్లాలు ఇటూ అటూ పారేస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"బావా? కాళ్లొక్కటే కనిపిస్తున్నాయి. నువ్వేనా?"

ఆర్లో తల ఫ్రీజర్ మూతకి కొట్టుకుంది. "నేనే. ఇక్కడొక కార్జం పొట్లం ఉండాలే..."

"ఉండేది. నిన్న చర్చికిచ్చేశా. విందుకి మాంసం పంపమని ఎల్వీరా ఫోన్ చేసింది. మా ఇంట్లో ఎవరూ తిననిది ఏముందా అని చూస్తే అదొకటి కనబడింది. దేవుడి పనికేగా, ఇచ్చేశా."

ఆర్లో ఫ్రీజర్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఎల్వీరా అంటే వెర్లిన్ భార్య. చర్చి వంటింటికి మహారాణి.

"అయినా నీకు కార్జమెందుకు బావా? మా అమ్మ ఒకసారి వండి పెడితే చేతిరుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నావు. ఆ కోటు తర్వాత ఎవరూ తొడుక్కోలేదు."

ఆర్లో చకచకా ఆలోచించాడు. నిజం లావాన్‌కి చెబితే అది వెర్లిన్‌కి చెప్పినట్టే. ఆ చర్చిలో 'ప్రార్థన గొలుసు' అని ఒకటుంది. ఎవరికైనా కష్టం వచ్చిందని తెలిస్తే మొదటావిడ రెండో ఆవిడకు ఫోన్ చేస్తుంది, రెండో ఆవిడ మూడో ఆవిడకు చేస్తుంది. అలా కాసేపట్లో ఊరంతా మోకాళ్ల మీద ఉంటుంది. ఆ గొలుసులో మొదటి లంకె లావాన్. రెండోది ఎల్వీరా. కాబట్టి నిజం కుదరదు.

"డాక్టరు తినమన్నాడు," అన్నాడు.

"ఏ డాక్టరు?"

"రక్తం డాక్టరు."

లావాన్ చెయ్యి గుండె మీదికి పోయింది. కార్జమంటే ఆమడ దూరం పారిపోయే మనిషి, దానికోసం ఫ్రీజర్లోకి తలకిందులుగా దూరాడంటే ఆ రక్తం ఏ స్థితిలో ఉందో ఆమె ఊహించుకుంది.

"అక్కకి తెలుసా?" అంది చిన్నగా.

"తెలీదు. చెప్పకు."

"ఒట్టు. అక్కకి చెప్పను," అంది లావాన్. మాట తప్పలేదు. అక్కకి చెప్పలేదు. ఆర్లో పికప్ వీధి మలుపు తిరగకముందే ఎల్వీరాకి చెప్పింది.

ఫోన్లు మోగడం మొదలైంది. మొదటి ఫోనులో ఆర్లో రక్తం పలచబడింది. తర్వాతి ఫోనులో విరిగిపోయింది. ఆ తర్వాతి ఆవిడకు వినికిడి బాగానే ఉన్నా ఊహాశక్తి ఇంకా బాగుంది. ఆమె ఫోను పెట్టేసరికి ఆర్లో ఒంట్లో రక్తమన్నదే లేదు. పాస్టరు గారి దాకా చేరేసరికి, పాపం, క్రిస్మస్ చూస్తాడో లేదో, పైగా భార్యకు కూడా చెప్పకుండా మనసులోనే దాచుకున్నాడు, ఎంత గుండెనిబ్బరం అన్నదాకా వచ్చింది.

ఆర్లో చర్చి నేలమాళిగ మెట్లు రెండేసి చొప్పున దిగాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషి దిగే తీరు అది కాదు. అయినా అక్కడ కేరెట్లు తరుగుతున్న ఆడవాళ్లు ఒక్కసారిగా కత్తులు దించారు. ఎవరో మోకాళ్ల వెనక కుర్చీ తోశారు. ఇంకెవరో భుజాల మీద శాలువా కప్పారు. అది బల్లగుడ్డ అని తర్వాత తేలింది.

"అన్నయ్యగారూ, ఎందుకు దిగొచ్చారు? కబురు చేస్తే మేమే రాకపోయామా?" అంది ఎల్వీరా, ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంటూ.

"నాకు కూర్చునే టైము లేదు చెల్లెమ్మా."

"తెలుసు అన్నయ్యగారూ," అంది ఆమె. వెనక ఇద్దరు ముక్కులు చీదారు.

"లావాన్ ఇచ్చిన కార్జం పొట్లం..."

"అయ్యో, కార్జానికేం కరువు! ఈ ఏడు ఊరంతా కార్జమే ఇచ్చింది. వెన్నుమాంసం ఒక్కరూ ఇవ్వలేదు." ఎల్వీరా ఫ్రీజర్ తెరిచి పొట్లాల దొంతర తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి."

ఆర్లో ఒక్కొక్కటే ఎత్తి, చేతిరాత చూసి, పక్కన పెట్టాడు. "ఇది కాదు. ఇది కాదు. ఇదీ కాదు."

"కార్జం కార్జమేగా?"

"లావాన్ వాళ్లదే కావాలి. డాక్టరు ఆ జింకే అన్నాడు."

"జింక పేరు కూడా చెప్పాడా?" అని ఒకావిడ అడగబోతే పక్కావిడ మోచేత్తో పొడిచింది. జబ్బు తలకి కూడా ఎక్కిందని అందరికీ అర్థమైంది.

"లావాన్‌దైతే ఇక్కడ లేదు," అంది ఎల్వీరా, పిల్లవాడికి నచ్చజెప్పే గొంతుతో. "పొట్లం ఎంత బల్లపరుపుగా, ముచ్చటగా ఉందో! మా ఆయనకి కార్జమంటే ప్రాణం కదా అని పొద్దున్నే ఇచ్చి పంపించా. ఉల్లిపాయలతో మధ్యాహ్నానికి తనే వండుకుంటానన్నారు."

కుర్చీ వెనక్కి పడింది. ఆర్లో అప్పటికే మెట్ల మీద ఉన్నాడు, భుజాల మీద బల్లగుడ్డతో సహా. వెనక ఎల్వీరా ఫోను వైపు పరుగెత్తడం అతను చూడలేదు.

ఇంట్లో డెలోరిస్ ఆ సరికి రెండో హాట్‌డిష్ అందుకుంటోంది. ఆ ఊళ్లో ఎవరైనా పోయినా, పోబోతున్నా, ఇరుగుపొరుగు చేసే పని అది: కీమా, చిక్కుళ్లు, పైన బంగాళాదుంప ముక్కలు పరిచి ఓవెన్లో పెట్టి, గిన్నె అడుగున తమ పేరున్న టేపు అంటించి పట్టుకెళ్లడం. మొదటి గిన్నె వచ్చినప్పుడు ఆమె ఇల్లు తప్పొచ్చారనుకుంది. రెండో గిన్నె తెచ్చినావిడ మాట్లాడకుండా కౌగిలించుకుని వీపు నిమిరింది.

"ఎవరు పోయారు?" అంది డెలోరిస్.

"ఇంకా పోలేదు," అంది ఆవిడ.

మూడో ఆవిడ దగ్గర మొత్తం రాబట్టింది. రక్తం, డాక్టరు, కార్జం, ఆ జింక. అన్నీ విని డెలోరిస్ గిన్నె బల్ల మీద పెట్టింది. తొమ్మిదేళ్లుగా ఆర్లో ఏ డాక్టరు గుమ్మమూ తొక్కలేదు. తొక్కాల్సి వస్తే కారు నడిపేది ఆమే, నొప్పి ఎక్కడో చెప్పేది కూడా ఆమే. కాబట్టి మొగుడు అబద్ధమాడుతున్నాడన్నది తేలిపోయింది. దేని గురించి అన్నదే తేలాలి. చెల్లెలికి ఫోన్ చేసింది.

"కారు తియ్యి. ఎక్కడున్నారో నీకు తెలుసుగా."

"నీకెవరు చెప్పారక్కా? నేను చెప్పలేదు!"

"నువ్వు చెప్పలేదనే అందరూ చెప్పారు. తియ్యి."

వెర్లిన్ ఇంటి ముందు వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. వంటింట్లో వెర్లిన్ ఏప్రన్ కట్టుకుని గరిటె పట్టుకున్నాడు. పక్కన సింకులో, త్వరగా మెత్తబడాలని గోరువెచ్చటి నీళ్లలో వేసి ఉంచిన పొట్లం. తెల్లకాగితం అప్పటికే నాని ఊడి వస్తోంది. నల్లసిరా పొడుగ్గా జారి, 'కార్జం' దుఃఖంలో ఉన్నట్టు కనిపిస్తోంది.

"రండి ఆర్లో గారూ." వెర్లిన్ గరిటె చేత్తోనే ఎదురొచ్చాడు. "ఎల్వీరా ఫోన్ చేసింది. మీరేం చెప్పొద్దు."

ఆర్లోకి సరిగ్గా అదే కావాలి. పొట్లాన్ని నీళ్లలోంచి లాగి కోటు లోపల దోపుకున్నాడు. నీళ్లు చొక్కాలోంచి జారి, ప్యాంటులో దారి చేసుకుని, బూటులోకి చేరాయి.

"ఇదేమిటి? కూర్చోండి, నేను వండి పెడతాను."

"వద్దండీ. పచ్చిగానే."

"పచ్చిగానా?"

"డాక్టరు అలాగే అన్నాడు."

వెర్లిన్ గరిటె పొయ్యి మీద వదిలేసి కుర్చీలో కూలబడ్డాడు. "మా మేనమామకి కూడా చివర్లో ఇలాంటివే చెప్పారు." ఏప్రన్ అంచు చేతిలోకి తీసుకున్నాడు. "చూడండి, ఇవాళ మీరు ఆ పత్రిక తిరిగివ్వాలని మనసులో పెట్టుకోకండి. ఇవాళ కాదు, అసలు ఇవ్వనే వద్దు. అది మీదే. అట్ట మీద పోస్ట్‌మన్ ఉన్నాడు కదా, మొదట్నుంచీ అది మీ దగ్గరుండాల్సిందే. నాకిక ఆ గాజు బీరువాతో పనేముంది? దానిముందు ఒక్కణ్ణీ నిలబడి చందా చీటీ గురించి ఎవరితో పోట్లాడను?"

పొద్దున్నుంచీ ఒక్కచోట నిలబడని ఆర్లో కాళ్లు అక్కడ ఆగిపోయాయి. ఇరవై ఏళ్లు కోరుకున్నది డొక్కకు చల్లగా ఆనుకుని ఉంది. ఇప్పుడది అతనిదే. ఎవరికీ ఏదీ చెప్పనక్కర్లేదు. గుమ్మం దాటి వెళ్లిపోతే చాలు. ఒక్కటే చిక్కు, మర్యాద కోసమైనా త్వరలో చచ్చిపోవాలి. ఎదురుగా వెర్లిన్ ఏప్రన్ అంచుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఆ ఏప్రన్ మీద కోడిపిల్లల బొమ్మలున్నాయి.

"నాకే జబ్బూ లేదండీ," అన్నాడు ఆర్లో.

"అలాగే అనుకోవాలి. ధైర్యం..."

"ధైర్యం కాదు, నిజంగానే లేదు. ఇందులో కార్జమూ లేదు." కోటులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. తడిసిన తెల్లకాగితం ఊడి, లోపలి ప్లాస్టిక్ కనిపిస్తోంది. "మీ పత్రిక ఉంది. మీకెలా చెప్పాలో తెలియక... అందులో పురుగు కనిపించింది. చంపుదామని ఫ్రీజర్లో పెట్టాను. అది చర్చికి పోయింది. చర్చి నుంచి మీ సింకులోకొచ్చింది. విప్పకండి, ఇంకా చలి వదల్లేదు. ఇక మీరు నన్నేమన్నా అనండి."

వెర్లిన్ ముక్కు తుడుచుకోవడం ఆపి, పొట్లం వైపు వంగాడు.

"ఒక్కటేనా?" అన్నాడు.

"ఏమిటి ఒక్కటేనా?"

"పురుగు. ఒక్కటే కనిపించిందా?"

పొయ్యి మీద ఉల్లిపాయలు నల్లబడుతున్నాయి. ఇద్దరిలో ఎవరికీ పట్టలేదు.

"అంటే మీకు ముందే తెలుసా?"

"నేను మూడు చూశాను," అన్నాడు వెర్లిన్, ఏప్రన్ మీది కోడిపిల్లతో చెబుతున్నట్టు. "మా ఫ్రీజర్ ఎల్వీరా ముట్టనివ్వదు. బీరువాలో పక్కనే మిగతావన్నీ ఉన్నాయి. వాటిలోకి పాకకుండా కొన్నాళ్లు ఎవరింట్లోనైనా ఉంచితే..."

"ఎవరింట్లోనైనా! అంటే మా ఇంట్లో! నా పత్రికలన్నిటి మధ్యా! నువ్వు మనిషివేనా?"

ఇరవై ఏళ్లలో ఆ వంటింట్లో 'నువ్వు' అన్నమాట వినపడటం అదే మొదలు. వెర్లిన్ లేచి నిలబడ్డాడు.

"నువ్వు మాత్రం తక్కువా? నా క్రిస్మస్ సంచికకి కార్జమని పేరుపెట్టావు! నేను దానికి ఉప్పూ మిరియాలూ కూడా కలిపి పెట్టుకున్నా!"

"నేను చంపడానికి పెట్టాను. నువ్వు పెంచుకోమని ఇచ్చావు!"

"సరే, చచ్చాయిగా. ఇంకేం, తీసుకెళ్లు. నీదే అన్నానుగా."

"నాకొద్దు. చావబోయేవాడికి ఇచ్చావు. నేను చావట్లేదు. నీది నువ్వే ఉంచుకో."

"ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు."

"అడగనిది తీసుకెళ్లే అలవాటు మా ఇంట్లో లేదు."

పొట్లం బల్ల మీద ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు జారుతోంది. ఉన్నట్టుండి వెర్లిన్ దాని మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"పురుగు సరే. గుడ్లు కూడా చస్తాయంటావా?"

ఆర్లో ఆలోచించాడు. "చావాలి," అన్నాడు. ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

బయట కారు తలుపులు పడ్డాయి. ఒకటి కాదు, చాలా. వెర్లిన్ కిటికీలోంచి తొంగిచూసి పాలిపోయాడు.

"ఎల్వీరా. పురుగు మాటెత్తావా, బీరువాతో సహా నన్ను వాకిట్లో పెడుతుంది."

"డెలోరిస్ కూడా ఉందా? అయితే నా పని కూడా అంతే. డ్రమ్ము సిద్ధంగా ఉంది."

"అలాగైతే నువ్వు జబ్బుగానే ఉండు."

"ఎన్నాళ్లు?"

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. ఎల్వీరా, లావాన్, వాళ్ల వెనక కేరెట్లు వదిలేసి వచ్చిన మరో ఇద్దరు, అందరికంటే వెనక తీరిగ్గా డెలోరిస్, వంటింట్లోకి వచ్చారు. ఎల్వీరా ముందు మాడిన ఉల్లిపాయల్ని చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది.

"ఇంకా వండలేదా? మనిషి అలా నిలబడి ఉంటే!"

"పచ్చిగా తింటానంటున్నాడు," అన్నాడు వెర్లిన్, ఆర్లో కాలు తొక్కుతూ.

లావాన్ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "చాల్లెండి, మగవాళ్లకి వదిలేస్తే ఇంతే," అంటూ ఎల్వీరా కత్తి తీసుకుని పొట్లం మీదికి వంగింది.

"వద్దు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచి, ఒకేసారి పొట్లం మీద పడ్డారు. అంతదాకా ఎవరికీ అక్కర్లేని వస్తువు కోసం నాలుగు చేతులు పెనుగులాడటం డెలోరిస్ కాసేపు చూసింది. తర్వాత మధ్యలోకొచ్చి, "ఇటివ్వండి," అని చెయ్యి చాపింది. ఆ గొంతు వింటే ఆర్లో చేతులు వాటంతటవే వదులవుతాయి.

డెలోరిస్ పొట్లాన్ని ఒకసారి అరచేతిలో తూచింది. వేలితో ఒక మూల నొక్కింది. రెండో మూల నొక్కింది. మిగిలిన రెండూ నొక్కింది. ఏళ్ల తరబడి మాంసం పొట్లాలు మోసిన చెయ్యి అది. కార్జానికి మూలలుండవని దానికి తెలుసు. మొగుడి ముఖం చూసింది, వెర్లిన్ ముఖం చూసింది. పాతకాగితాలవాడి పెళ్లానికి, పత్రిక ఫ్రీజర్లోకి ఎందుకెళ్తుందో కూడా తెలుసు. పురుగు అన్నమాట ఆ గదిలో ఎవరూ అనలేదు. ఆమె ఒక్కతే విన్నది.

పొట్లాన్ని చంకలో పెట్టుకుని ఆడవాళ్ల వైపు తిరిగింది.

"మా ఆయన మీకు సగమే చెప్పినట్టున్నారు," అంది. "ఇది ఒక్క పూటతో తీరే జబ్బు కాదట. వారం వారం కార్జం తినాలన్నారు డాక్టరు గారు. పచ్చిగా కాదు, బాగా వేయించి. వసంతం వచ్చేదాకా."

"ఏ డాక్టరు?" అన్నాడు ఆర్లో, నోరు జారి.

"రక్తం డాక్టరు," అంది డెలోరిస్.

ఎల్వీరా కళ్లు చెమర్చాయి. "దానికేం భాగ్యం వదినా! చర్చి ఫ్రీజర్ నిండా అదేగా. ప్రతి గురువారం నేనే వండి తెస్తాను. అన్నయ్యగారు తినేదాకా పక్కనే కూర్చుంటాను."

"సంతోషం. వెర్లిన్ అన్నయ్యగారు కూడా తోడు రావాలి మరి." డెలోరిస్ నవ్వింది. "వచ్చేటప్పుడు ఇంకేమీ తేవద్దు."

వెర్లిన్‌కి దగ్గొచ్చింది.

ఆ సాయంత్రం వేట విందులో ఆర్లోని మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పాస్టరు గారు అతని పేరెత్తి ప్రార్థించారు. ఊరంతా చూస్తుండగా పళ్లెంలోని కార్జమంతా అతను ముక్క ముక్కగా మింగాడు. నాలుగో ముక్క దగ్గర కళ్లనీళ్లు తిరిగాయి. జనం భక్తి అనుకున్నారు. పొట్లం ఎక్కడ దాచిందో డెలోరిస్ చెప్పలేదు. గురువారం గురువారం ఇద్దరు మగవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఆ సంచిక ఎవరిదన్న విషయం మీద 'నువ్వు' అంటే 'నువ్వు' అని గొంతు తగ్గించి పోట్లాడుకున్నారు. ఒకడు ఇష్టంగా నమిలాడు. ఇంకొకడు మంచినీళ్లతో మింగాడు.

ఆ ఏడు హోల్మ్‌స్టెడ్‌లో వసంతం చాలా ఆలస్యంగా వచ్చింది.